మంచు పడుతుందో లేదో తెలీనప్పుడు ఒంటారియో స్నోమొబైల్ పర్మిట్ కొనొచ్చా?

తమ్ముడూ, ముందు నీ ప్రశ్న నా మాటల్లో ఒకసారి చెప్తాను, తర్వాత చదివేవాళ్ళకి కూడా సంగతేంటో తెలియాలి కదా. బ్రాంప్టన్‌లో ఉంటావు, 2012 మోడల్ లిక్విడ్ కూల్డ్ (ఇంజన్ కూలెంట్‌తో చల్లబడే) స్కీ-డూ, అంటే మంచు మీద నడిచే స్నోమొబైల్, సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నావు, అమ్మిన పెద్దాయనే తన పాత 1998 మోడల్ ఫ్యాన్ కూల్డ్ (ఫ్యాన్ గాలితో చల్లబడే) బండి కూడా చవగ్గా ఇస్తే మీ ఆవిడ కోసం అదీ తెచ్చుకున్నావు. ఇప్పుడు నవంబర్ ఒకటో తేదీ లోపు ట్రైల్ పర్మిట్ కొంటే తక్కువలో వస్తుందంటున్నారు, కానీ 2023-24 చలికాలంలో డబ్బులు కట్టి బండి ట్రైలర్ మీంచి దించే పని కూడా పడని వాళ్ళ గురించి విని వెనకాడుతున్నావు, కొనొచ్చా అన్నా లేక ఆగి చూడనా అని అడిగావు.

సూటిగా చెప్తాను. నార్త్‌కి బండి వేసుకుని వెళ్ళడానికి నువ్వు సిద్ధంగా ఉంటే రేటు పెరగకముందే కొనేయ్, రెండో ఆలోచన వద్దు. ఇంటి నుంచి గంట, గంటన్నర డ్రైవ్‌లో ఎక్కడ మంచుంటే అక్కడే నడుపుతాను, అంతకంటే దూరం పోలేను అంటే మాత్రం ఇప్పుడు కొనకు. మంచు ఎంత పడుతుందన్నది ఎవరి చేతిలోనూ లేదు, నువ్వు ఎంత దూరం వెళ్ళగలవన్నది మాత్రం నీ చేతిలోనే ఉంది, పర్మిట్ గిట్టుబాటు అవుతుందా లేదా అన్నది చాలావరకు దాని మీదే తేలుతుంది. నేను బ్యారీలో చాలా ఏళ్ళుగా ఉంటున్నాను, ఇక్కడి క్లబ్‌తో వాలంటీర్‌గా తిరుగుతాను కాబట్టి లోపలి సంగతులు కొన్ని దగ్గర్నుంచి చూశాను, అవి కూడా చెప్తాను, కొంచెం ఓపిగ్గా చదువు.

మొదట ఆ పర్మిట్‌తో నీకు ఏమొస్తుందో చూడు. ఒంటారియో ఫెడరేషన్ ఆఫ్ స్నోమొబైల్ క్లబ్స్, ఓఎఫ్‌ఎస్‌సీ అంటాం, వాళ్ళ సీజనల్ పర్మిట్ ఒక ఊరికో ఒక క్లబ్‌కో కాదు, ప్రావిన్స్ మొత్తానికి చెల్లుతుంది. 30,000 కిలోమీటర్ల దగ్గర దగ్గర ట్రైల్స్ ఉన్నాయి. ఏ క్లబ్ పేరు మీద కొన్నా ఉత్తరాన హర్స్ట్ నుంచి కింద హాలిబర్టన్ దాకా ఎక్కడైనా నడుపుకోవచ్చు. చాలామంది ఇది పట్టించుకోకుండా మా ఏరియాలో మంచు పడలేదు, డబ్బులు పోయాయి అంటారు. వాళ్ళు కొన్నది ప్రావిన్స్ మొత్తం పర్మిట్, వాడాలనుకున్నది వాళ్ళ ఊరి ట్రైల్ ఒక్కటే, అక్కడ మంచు లేకపోయేసరికి మిగతాదంతా కూడా వృథా అయిపోయింది.

ఒంటారియో ఎంత పెద్దదో బ్రాంప్టన్‌లో కూర్చుంటే అర్థం కాదు. హైవే 11 పట్టుకుని పైకి పోతే నార్త్ బే 340 కిలోమీటర్ల దాకా వస్తుంది, అక్కణ్ణుంచి ఇంకా పైకి కాక్రేన్ అంటే టొరంటో నుంచి దాదాపు 700. అదే రోజు మన దగ్గర వాన పడుతుంటే కాక్రేన్‌లో మైనస్ 20 ఉంటుంది, ఇది జనవరిలో చాలా మామూలు సంగతి. కాబట్టి ఒంటారియోని మూడు ముక్కలుగా చూసుకో. ఒకటి దక్షిణం, అంటే లండన్, గ్వెల్ఫ్, కిచెనర్ చుట్టుపక్కల పొలాల మీదుగా పోయే ట్రైల్స్, ఇవి తెరుచుకుంటే అదృష్టం, తెరుచుకున్నా కొన్ని రోజులే. రెండోది స్నోబెల్ట్, అంటే ఓవెన్ సౌండ్, బ్యారీ, ఒరిలియా, గ్రేవెన్‌హర్స్ట్, బ్రేస్‌బ్రిడ్జ్, ప్యారీ సౌండ్ వైపు. మూడోది అసలైన నార్త్, టిమిన్స్, కాక్రేన్, కపుస్కేసింగ్, హర్స్ట్.

స్నోబెల్ట్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే నువ్వు ఎక్కువగా అక్కడికే వెళ్తావు. హ్యూరాన్ సరస్సు, జార్జియన్ బే ఇంకా గడ్డకట్టకుండా నీళ్ళుగానే ఉన్నప్పుడు వాటి మీంచి బాగా చల్లటి గాలి వీస్తే ఆ గాలి నీళ్ళ మీది వేడినీ తేమనీ లాక్కుని ఒడ్డు దాటగానే మంచు కుమ్మరిస్తుంది. దీన్నే లేక్ ఎఫెక్ట్ అంటారు. ఇది సన్నటి పట్టీల్లా పడుతుంది, ఒక ఊళ్ళో నడుం లోతు పడితే 20 కిలోమీటర్ల అవతల రోడ్డు నల్లగా కనిపిస్తుంటుంది. 2024 నవంబర్ ఆఖర్లో, డిసెంబర్ మొదట్లో గ్రేవెన్‌హర్స్ట్ మీద ఇలాగే పడింది, మీటర్ పైనే, కరెంటు పోయి హైవే 11 మూతపడి ఊళ్ళో ఎమర్జెన్సీ ప్రకటించారు. ఇప్పుడు నువ్వు అనుకుంటావు, మీటర్ మంచు పడిందంటే ట్రైల్స్ మర్నాడే ఓపెన్ అయ్యుంటాయని. అక్కడే చాలామంది బోల్తా పడతారు. నేల గట్టిపడకముందే మీద మంచు పడితే అది కంబళిలా పనిచేస్తుంది, కింద చిత్తడి నేలలోకి చలి దిగనివ్వదు. పైన చూస్తే తెల్లగా పాన్పు వేసినట్టు ఉంటుంది, కింద బురద. గ్రూమర్, అంటే ట్రైల్‌ని చదును చేసే పెద్ద మెషీన్, టన్నుల బరువు, అది వెళ్తే దిగబడిపోతుంది. అందుకే క్లబ్ వాళ్ళు ముందు చిన్న బండ్లతో ఆ మంచుని తొక్కి తొక్కి అణుస్తారు, అణిగిన మంచులోంచి చలి కిందికి దిగుతుంది, చిత్తడి గడ్డకడుతుంది, అప్పుడు గానీ పెద్ద మెషీన్ రాదు. మంచు పడ్డాక పది పదిహేను రోజులు మ్యాప్‌లో ట్రైల్ ఎర్రగానే, అంటే మూసే ఉందంటే క్లబ్ నిద్రపోతోందని కాదు, అప్పుడే వాళ్ళకి చేతినిండా పని.

ఇక 2023-24 గురించి. అది బలమైన ఎల్ నీనో ఏడాది, అంటే పసిఫిక్ సముద్రం మామూలు కంటే వేడెక్కిన ఏడాది, కెనడాలో రికార్డులున్నంత వరకు అంత వెచ్చటి చలికాలం లేదు, గ్రేట్ లేక్స్ మీద ఫిబ్రవరిలో కూడా గడ్డ పేరుకి మాత్రమే ఉంది. దక్షిణంలో చాలా చోట్ల ట్రైల్స్ అసలు తెరవనే లేదు, నార్త్‌లో కూడా సీజన్ ఆలస్యమైంది, కుదించుకుపోయింది. ఆ ఏడాది డబ్బులు పోయాయని బాధపడ్డవాళ్ళని నేను తప్పుపట్టను, 200 డాలర్లు 200 డాలర్లే. కానీ ఆ ఒక్క ఏడాదిని చూసి ఇక మీద చలికాలాలన్నీ ఇంతే అనుకుంటే తర్వాతి ఏడాదే, అంటే 2024-25లో, జనవరి ఫిబ్రవరి అంతా స్నోబెల్ట్‌లో మంచి సవారీ దొరికింది, ఫిబ్రవరి మధ్యలో టొరంటోలోనే కార్లు మంచులో కూరుకుపోయాయి. ఇంకా వెనక్కి వెళ్తే 2011-12 దాదాపు ఖాళీ, ఆ మార్చిలో జనం షార్ట్స్‌లో తిరిగారు, తర్వాత 2013-14, 2014-15 రెండూ ఎముకలు కొరికే చలికాలాలు. ఏడాదికీ ఏడాదికీ పొంతన ఉండదు. మొత్తం మీద వెచ్చబడుతోందన్నది నిజం, దక్షిణం అంచున ఉన్న ట్రైల్స్‌కి ముందు ముందు ఇంకా కష్టం అన్నదీ నిజం, నేనది కాదనను. కానీ ఒక్కో ఏడాది ఎలా ఉంటుందో అక్టోబర్‌లో చెప్పగలిగినవాడు లేడు, లాంగ్ రేంజ్ ఫోర్‌కాస్ట్ చూసి పర్మిట్ నిర్ణయం తీసుకోవద్దు. కనీసం ఎల్ నీనోనా, దానికి ఉల్టాగా సముద్రం చల్లబడే లా నీనానా అన్నది చూడొచ్చు, బలమైన ఎల్ నీనో అని అందరూ చెప్తున్న ఏడాది కాస్త ఆచితూచి వెళ్ళడంలో తప్పు లేదు.

సరే, డబ్బుల లెక్క. ఇన్నేళ్ళుగా రేటు నవంబర్ మొదటి తేదీ దగ్గర ఒకసారి, డిసెంబర్ మొదటి తేదీ దగ్గర ఇంకోసారి పెరుగుతూ వస్తోంది. ఏడాదికేడాది కొన్ని డాలర్లు అటూ ఇటూ మారుతుంది కాబట్టి కొనే ముందు ఓఎఫ్‌ఎస్‌సీ సైట్‌లో చూసుకో, నేను ఇక్కడ లెక్క కోసం ముందు కొంటే 200, డిసెంబర్ ఒకటి దాటాక కొంటే 280 అని పెట్టుకుంటాను. ఇప్పుడు పది చలికాలాలు ఊహించుకో. ప్రతి ఏడాదీ ముందే కొంటే పదేళ్ళకి 2,000 అవుతుంది, మంచు పడినా పడకపోయినా. ఆగి, మంచు చూశాకే కొనే పద్ధతి అయితే మంచి ఏళ్ళలో మాత్రమే 280 కడతావు. పదింట్లో ఏడేళ్ళు బాగుంటే 1,960, రెండూ దాదాపు సమానం. ఎనిమిదేళ్ళు బాగుంటే 2,240, అంటే ముందు కొన్నవాడికి లాభం. ఐదేళ్ళే బాగుంటే 1,400, ఆగినవాడికి లాభం. కాబట్టి నిన్ను నువ్వు అడగాల్సింది ఒకటే, నేను వెళ్ళగలిగినంత దూరంలో పదింట్లో ఏడు చలికాలాలైనా నాకు సరిపడా నడిపే అవకాశం ఉందా అని. నార్త్‌కి వెళ్ళేవాడికి ఉంది, ఇంకా ఎక్కువే ఉంది. స్నోబెల్ట్ వరకే వెళ్ళేవాడికి అటూ ఇటూగా ఉంది. గ్వెల్ఫ్ పొలాల్లోనే నడుపుతానంటే లేదు. ఇంత చిన్న లెక్క వేసుకోకుండా చాలామంది 80 డాలర్లు మిగులుతాయని ఆత్రంగా కొనడమో, లేకపోతే పోయిన ఏడాది పోయాయని కోపంతో మానేయడమో చేస్తారు.

రోజు లెక్కన ఇచ్చే మల్టీ-డే పర్మిట్ ఉంది కదా, అది తీసుకుంటే పోలేదా అని నువ్వు అడగొచ్చు. ఏడాదికి ఒక్క లాంగ్ వీకెండ్, ఫిబ్రవరిలో సెలవొచ్చే ఫ్యామిలీ డే లాంటిది, అదొక్కటే వెళ్తాం అనేవాళ్ళకి అది సరైనదే. కానీ దాంట్లో ఒక చిక్కుంది. తేదీలు ముందే పెట్టి వరసగా వాడుకోవాలి, మధ్యలో ఒక రోజు వాన పడితే ఆ రోజు పోయినట్టే. అంటే నమ్మకం లేని చలికాలంలో తేదీలకి కట్టుబడే పర్మిట్ తీసుకోవడం వల్ల నీ రిస్క్ తగ్గదు, పెరుగుతుంది. పైగా నాలుగైదు రోజులు దాటితే అది ముందుగా కొన్న సీజనల్ ధర దగ్గరికి వచ్చేస్తుంది. నీలాంటి సొంత బండి ఉన్నవాడికి అది ఆఖరి దారి. అసలు బండే లేకుండా పిల్లలకి ఒకసారి చూపిద్దాం అనుకునే వాళ్ళకి ఇంకా మంచి మార్గం రెంటల్, మస్కోకా, హాలిబర్టన్ వైపు అద్దెకిచ్చే వాళ్ళు ఉంటారు, చాలా చోట్ల పర్మిట్ అద్దెలోనే కలిసి ఉంటుంది, హెల్మెట్, సూట్ కూడా ఇస్తారు. ఇండియా నుంచి అమ్మానాన్న వచ్చినప్పుడు ఒక పూట సరదాకి దానికి మించి అక్కర్లేదు.

ఇంకో లెక్క కూడా చెప్పనీ. పర్మిట్ అనేది ఈ ఖర్చులో చిన్న ముక్క. ట్రైలర్, దాని టైర్లు, సొంత స్థలం దాటి బయట ఎక్కడ నడిపినా తప్పనిసరిగా ఉండాల్సిన లయబిలిటీ ఇన్సూరెన్స్, బండి రిజిస్ట్రేషన్, చలి బట్టలు. ఒక్క వీకెండ్ కాక్రేన్ వెళ్ళొస్తే ట్రక్‌కి పెట్రోల్, బండికి పెట్రోల్, రెండు రాత్రులు మోటెల్, తిండి కలిపి పర్మిట్ ఖరీదు దాటిపోతుంది. బండి కొని, ఇన్సూరెన్స్ కట్టి, తీరా పర్మిట్ దగ్గర ఆ 200 డాలర్లు పోతాయేమోనని జనవరి దాకా ఎదురుచూస్తూ కూర్చున్నవాళ్ళని చూశాను, మంచి మంచు పడ్డ మొదటి రెండు వారాలూ తేల్చుకోవడంలోనే గడిచిపోతాయి, ఆ రెండు వారాలే ఒక్కోసారి సీజన్‌లో బెస్ట్ వారాలు.

అసలు ఆ డబ్బు ఎక్కడికి పోతుందో తెలిస్తే మంచు లేని ఏడాది కూడా నీకు అంత కడుపుమంట ఉండదు, ఇది నేను మనస్ఫూర్తిగా చెప్తున్నాను. మన ఊళ్ళో రైతు తొలకరి పడ్డాక విత్తనాల కోసం వెతుక్కోడు కదా, ముందే కొని ఇంట్లో పెట్టుకుంటాడు, క్లబ్ పరిస్థితి కూడా అంతే. సెప్టెంబర్, అక్టోబర్‌లోనే వాలంటీర్లు రంపాలు పట్టుకుని అడవిలోకి వెళ్ళి పడ్డ చెట్లు కోస్తారు, వాగుల మీద కొట్టుకుపోయిన వంతెనలు మళ్ళీ కడతారు, వేల కొద్దీ సైన్‌లు, కర్రలు పాతుతారు. గ్రూమర్ సర్వీసింగ్, ఇన్సూరెన్స్, షెడ్డు అద్దె ఇవన్నీ మంచు పడకముందే కట్టాల్సినవే. ఒక్కో గ్రూమర్ ఖరీదు లక్షల డాలర్లలో ఉంటుంది. మంచు పడని ఏడాది మిగిలేది ప్రధానంగా డీజిల్, ఆపరేటర్ గంటల జీతం, అంతే. అందుకే పర్మిట్ డబ్బులు తిరిగివ్వరు, ఇవ్వలేరు. అందరూ మంచు చూశాకే కొంటాం అని కూర్చుంటే మంచు పడ్డ రోజున ట్రైల్ సిద్ధంగా ఉండదు.

ఒక గ్రూమింగ్ రాత్రి ఎలా ఉంటుందో చెప్తాను. పగలంతా స్నోమొబైల్స్ తిరిగి ట్రైల్ మీద గుంతలు గుంతలు పడతాయి, మొగల్స్ అంటాం. రాత్రి ట్రాఫిక్ తగ్గాక, చలి పెరిగాక గ్రూమర్ బయల్దేరుతుంది. వెనక డ్రాగ్ అని అది ఈడ్చుకెళ్ళే బరువైన చట్రం ఉంటుంది, ఆ డ్రాగ్‌లో ముందు బ్లేడ్లు ఆ గుంతల్ని మూలం దాకా కోస్తాయి, మధ్యలో ఆ కోసిన మంచు దొర్లుతూ కలుస్తుంది, వెనకున్న పాన్, అంటే చదునైన రేకు, దాన్ని నొక్కి చదును చేస్తుంది. గంటకి పది, పదిహేను కిలోమీటర్ల స్పీడ్, అంతే. రాత్రంతా నడిపితే వెళ్ళేటప్పుడు ఒక పక్క, వచ్చేటప్పుడు రెండో పక్క, అలా నలభై యాభై కిలోమీటర్ల ట్రైల్ అవుతుంది. అయ్యాక కొన్ని గంటలు ఎవరూ తొక్కకుండా వదిలేస్తే అది కాంక్రీట్‌లా గట్టిపడుతుంది, వెంటనే నాలుగు బండ్లు దాని మీద పోతే పనంతా వృథా. అందుకే రాత్రి గ్రూమర్ ఎదురొస్తే పూర్తిగా పక్కకి తప్పుకుని ఆగి దారివ్వు, దాని వెనకే తగులుకుని పోవద్దు. రెండొందల డాలర్లకి నీకొచ్చేది అలా తయారైన రోడ్డు.

మరో ముఖ్యమైన విషయం, పర్మిట్ ఉంది కదా అని ఎప్పుడు పడితే అప్పుడు ట్రైల్ ఎక్కకూడదు. ఓఎఫ్‌ఎస్‌సీ ఇంటరాక్టివ్ ట్రైల్ గైడ్ ఉంది, మ్యాప్‌లో ఆకుపచ్చ అంటే తెరిచి ఉంది, పసుపు అంటే కొంత వరకే బాగుంది చూసుకుని పో, ఎరుపు అంటే మూసి ఉంది. ఎర్ర ట్రైల్ మీద నువ్వు పర్మిట్ ఉండి వెళ్ళినా చట్టం దృష్టిలో అక్రమంగా చొరబడినట్టే. దక్షిణ ఒంటారియోలో ట్రైల్స్‌లో చాలా భాగం ప్రైవేట్ భూములు, రైతులు ఉచితంగా దారిస్తున్నారు, అది వాళ్ళ మంచితనం. పొలంలో వింటర్ వీట్, అంటే చలికాలమంతా నేలలో ఉండే గోధుమ, చల్లి ఉంటుంది, మంచు చాలనప్పుడు దాని మీద బండి కింద తిరిగే రబ్బరు పట్టా, ట్రాక్ అంటాం, తిరిగితే మొలకలు ఊడి వచ్చేస్తాయి. ఒక్కడు అలా చేస్తే ఆ రైతు వచ్చే ఏడాది గేటు వేసేస్తాడు, ఒక్క గేటు పడితే 30 కిలోమీటర్ల ట్రైల్ తెగిపోతుంది. మంచు తక్కువ పడే ఏళ్ళలోనే ఈ గొడవలు ఎక్కువ, ఎందుకంటే అందరికీ ఆత్రం. దయచేసి ఆ పని చేయొద్దు, నీతో వచ్చే ఫ్రెండ్స్‌ని కూడా చేయనివ్వొద్దు.

అలా పల్చటి మంచు మీద నడిపితే నీ బండికి కూడా దెబ్బ, ఇది లిక్విడ్ కూల్డ్ కొత్తగా కొన్నవాళ్ళకి ఎవరూ చెప్పరు. కారుకి ముందు రేడియేటర్ ఉన్నట్టు దీనికి ఉండదు. ఇంజన్ వేడిని మోసుకొచ్చే కూలెంట్ నీ సీటు కింద, ట్రాక్ మీద కప్పులా ఉండే టన్నెల్‌లోని హీట్ ఎక్స్ఛేంజర్లలో (వేడిని బయటికి వదిలే గొట్టాల్లో) తిరుగుతుంది, ట్రాక్ ఎగజిమ్మిన మంచు వాటికి తగిలి కరిగితేనే చల్లబడుతుంది. ట్రైల్ గట్టి ఐస్ అయిపోయి పొడి మంచు లేకపోతే ఎగరడానికి ఏమీ ఉండదు, పది నిమిషాల్లో టెంపరేచర్ లైట్ వస్తుంది. దాంతోపాటు ట్రాక్ జారే ప్లాస్టిక్ పట్టీలు, స్లైడ్స్, వాటికి కూడా తడి కావాలి, మంచు లేకపోతే రాపిడికి వేడెక్కి కరుగుతాయి, కాలిన ప్లాస్టిక్ వాసన వస్తుంది. ఐస్ స్క్రాచర్లు అని రెయిల్‌కి బిగించే స్ప్రింగ్ కడ్డీలు దొరుకుతాయి, అవి గట్టి ట్రైల్‌ని గీకి పొడి లేపుతాయి, ఖరీదు పెద్దగా ఉండదు. మారుతున్న చలికాలాల్లో పర్మిట్‌తో పాటు కచ్చితంగా కొనాల్సింది అదే అంటాను. మీ ఆవిడ బండి ఫ్యాన్ కూల్డ్ కాబట్టి దానికి కూలింగ్ బాధ అంతగా లేదు, స్లైడ్స్ బాధ మాత్రం దానికీ ఉంది.

సరస్సుల సంగతి ఒక్క మాటలో చెప్పి వదలను, వెచ్చటి ఏళ్ళలో ప్రాణాలు పోయేది అక్కడే. స్నోమొబైల్‌కి కనీసం 25 సెంటీమీటర్ల గట్టి ఐస్ ఉండాలని రెడ్ క్రాస్ ఎప్పటి నుంచో చెప్తోంది, అదీ నీలంగా, పారదర్శకంగా ఉండే ఐస్ అయితేనే. మంచు తడిసి గడ్డకట్టిన తెల్ల ఐస్‌కి బలం దాదాపు సగమే. వాగు కలిసే చోట, వంతెనల కింద, నీళ్ళు ప్రవహించే ఇరుకుల్లో మందం ఒక్కో అడుగుకీ మారిపోతుంది. పక్కవాడు నిన్న వెళ్ళాడు కదా అన్నది సాక్ష్యం కాదు. ట్రైల్ మ్యాప్‌లో సరస్సు దాటే భాగం ఎర్రగా ఉంటే చుట్టూ తిరిగి పో, లేదా వెనక్కి రా. మీ ఆవిడతో వెళ్తున్నావు, ఇంట్లో పిల్లలున్నారు, దీంట్లో మొహమాటం అక్కర్లేదు.

చట్టం వైపు నుంచి క్లుప్తంగా. ఓఎఫ్‌ఎస్‌సీ ట్రైల్ మీద పర్మిట్ లేకుండా నడపడం ఒంటారియో చట్టం ప్రకారం నేరం, పోలీసులు, స్టాప్ ఆఫీసర్లు అనే ట్రైల్ గస్తీ వాళ్ళు ఆపి చూస్తారు, లేకపోతే జరిమానా. కొంతమంది సొంత పొలంలో నడిపితే అక్కర్లేదు కదా అంటారు, నిజమే, మన బ్రాంప్టన్ టౌన్‌హౌస్ వాళ్ళకి ఆ సౌకర్యం ఎక్కడిది. మామూలు డ్రైవింగ్ లైసెన్స్ చాలు, హెల్మెట్ తప్పనిసరి, ట్రైల్ మీద స్పీడ్ లిమిట్ 50. తాగి నడిపితే కారు లైసెన్స్‌కే ఎసరు, ఇమ్మిగ్రేషన్ ఇంకా తేలని వాళ్ళకైతే అంతకంటే పెద్ద ముప్పు, కాబట్టి ఆ సరదా మోటెల్‌కి తిరిగొచ్చి బండి తాళాలు పక్కన పెట్టాకే.

ఒంటారియో పర్మిట్ పట్టుకుని క్విబెక్‌లోకి పోకు, చెల్లదు. అక్కడ ఫెడరేషన్ వేరు, పర్మిట్ ఖరీదు మనకంటే బాగా ఎక్కువ, కాకపోతే దాంట్లో పది లక్షల డాలర్ల లయబిలిటీ ఇన్సూరెన్స్ కలిసి ఉంటుంది. అమెరికాలో ఉన్న మనవాళ్ళకి రూల్స్ రాష్ట్రానికో రకం, న్యూయార్క్‌లో అయితే క్లబ్ మెంబర్‌షిప్ ఉంటే రిజిస్ట్రేషన్ ఫీజు సగానికి పైగా తగ్గుతుంది. నేను ఈ లెక్కలన్నీ ఒంటారియో పద్ధతికి వేశాను, మీ దగ్గర ధర ఎంత, తేదీ దాటితే ఎంత పెరుగుతుంది అన్నది పెట్టి అదే లెక్క వేసుకోండి.

ఇక నీ సొంత సంగతి. నువ్వు ఐటీలో ఉన్నాను, వారంలో మూడు రోజులు ఇంటి నుంచే పని అన్నావు. అది నీకు పెద్ద ప్లస్, మంచుతో నడిచే ఈ ఆటలో బుధవారం రాత్రి మంచు పడితే గురువారం సాయంత్రమే బయల్దేరగలిగిన వాడికి పర్మిట్ గిట్టుతుంది. నెల ముందు లీవ్ పెట్టి, మోటెల్ బుక్ చేసి, ఆ తేదీల్లో మంచు ఉండాలని కోరుకునేవాడికి ఎంత మంచి ఏడాదైనా నష్టమే. కాబట్టి క్యాన్సిల్ చేస్తే డబ్బులొచ్చే మోటెల్ మాత్రమే బుక్ చేయి, జనవరి రెండో వారం నుంచి మార్చి మొదటి వారం దాకా వీకెండ్లు వీలైనంత ఖాళీగా పెట్టుకో, పెళ్ళి రోజులు పుట్టినరోజుల ఫంక్షన్లకి మాటిచ్చే ముందు ఒకసారి ఆలోచించు. క్రిస్మస్ సెలవులకి ప్లాన్ చేయొద్దు, ఆ వారం స్నోబెల్ట్‌లో ఉండీ లేనట్టే ఉంటుంది. మొదటి ఏడాదే మీ ఇద్దరూ నేరుగా కాక్రేన్ దాకా వెళ్ళొద్దు, నార్త్ బే, మట్టావా వైపు మొదలుపెట్టు, డ్రైవ్ నాలుగు గంటల పైచిలుకు, మంచు స్నోబెల్ట్ కంటే నిలకడగా ఉంటుంది, పెట్రోల్ దొరికే చోట్లు మరీ దూరం కాదు.

నీ 2012 బండికి నవంబర్ ఒకటి లోపు సీజనల్ కొనెయ్. పర్మిట్ బండికి, మనిషికి కాదు, కాబట్టి రెండు బండ్లకి రెండు కావాలి. రెండోదాని విషయంలో నీకు కలిసొచ్చే సంగతి ఒకటుంది, 1999 మోడల్, అంతకంటే పాత బండ్లకి క్లాసిక్ పర్మిట్ అని వేరే ఉంది, మామూలు సీజనల్ కంటే తక్కువలో వస్తుంది, మీ ఆవిడ 1998 బండికి అది సరిపోతుంది, ఓనర్‌షిప్ కాగితం మీద మోడల్ ఇయర్ చూసుకో. కానీ అది ఇప్పుడే కొనకు. ముందు ఆ బండి వాకిట్లో స్టార్ట్ చేసి చూడు, పాత బండ్లకి కార్బ్యురేటర్లు, ఫ్యూయల్ లైన్లు ఎండిపోయి ఉంటాయి, జనవరిలో తను ఒకసారి నీ బండి వెనక కూర్చుని వచ్చి ఆ చలి, ఆ శబ్దం తనకి నచ్చిందా అని చెప్పనీ. నచ్చింది అంటే అప్పుడు కొను, నాలుగు డాలర్లు ఎక్కువైనా పర్లేదు. ఏ క్లబ్ పేరు మీద కొనాలి అన్నావు కదా, నువ్వు ఎక్కువగా నడపబోయే చోటి క్లబ్‌ని ఎంచుకో, కొనేటప్పుడు సైట్‌లో అడుగుతుంది. ఇంకేమైనా ఉంటే అడుగు, ట్రైలర్ ఎలాంటిది కొన్నావో కూడా చెప్పు, రెండు బండ్లు ఎక్కించేటప్పుడు బరువు ఎటు పడుతుందో చూసుకోవాల్సింది ఉంది.